బొట్టున్నది కొత్తది

ఒక్క స్టిక్కరు, నౌషాదూ. చిటికెన వేలంత కాయితం ముక్క. ఒక డిస్కు మీద 'పాతది' అని, ఇంకోదాని మీద 'కొత్తది' అని అంటించి ఇచ్చుంటే నీ సొమ్మేం పోయేదయ్యా?

ఊఁ. చెప్పావులే. నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు సార్ అని చెప్పావు. నేనే ముట్టుకున్నా.

అయితే కంప్యూటర్ డిస్కుల్లో పోయినవి వెలికితీసే ఆ హైదరాబాద్ వాళ్లు తేల్చేసారన్నమాట. రెండిట్లోనూ ఏమీ లేదని. అడుగూ బొడుగూ ఏదో మిగిలుంటుందని నువ్వే అన్నావుగా మొన్న? అదీ లేదా?

సరే.

కుర్చీ ఎందుకయ్యా, నించుంటాలే. సరే, కూర్చుంటా. సోడా వద్దు. బస్సు దిగగానే మంచినీళ్లు తాగే వచ్చా.

ఏడుపు రావట్లేదు నాకు. అదేంటో మరి. నువ్వు పొద్దున ఫోన్లో 'ఒకసారి జగ్గయ్యపేట రండి సార్, మాట్లాడాలి' అన్నప్పుడే తెలిసిపోయింది. మంచి కబురైతే ఫోన్లోనే చెప్తావుగా. నందిగామ నుంచి ఇక్కడిదాకా కిటికీ పక్క సీట్లో కూర్చుని చూసా, వస్తుందేమోనని. రాలా. పక్కనాయన నిద్రపోతూ నా భుజం మీద వాలిపోయాడు. వాలనిచ్చా. ఏమనిపించలా.

ఇవాళ శుక్రవారం. ఎల్లుండి ఆదివారం మహతి కూతురికి ఇరవై ఒకటో రోజు. ఉయ్యాల్లో వేస్తున్నాం. మా అమ్మాయికి తొలి కాన్పు, తెలుసుగా, పుట్టింట్లోనే ఉంది. అమ్మమ్మ జోల పాడాలి. అమ్మమ్మకేమో గొంతు లేదు. ఉన్న గొంతంతా ఆ డిస్కులో ఉంది.

ఉంది అంటున్నా చూడు ఇంకా.

నీకు తెలియందేముంది. మూడో క్లాసు నీకు చెప్పింది మా అహల్యేగా. ఆ గొంతు ఎలా ఉండేదో నాకంటే నువ్వే ఎక్కువ విన్నావేమో. 'నౌషాద్, గోడ మీద ఏం బొమ్మాడుతోందిరా?' అంటే బడి బయట రిక్షావాడు కూడా గోడవంక చూసేవాడంటారు. నవ్వొచ్చిందా? నవ్వులే. నవ్వితే తప్పేం లేదు.

రెండేళ్ల కిందట, ఇదే మే నెల. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు అన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కి పదకొండు రోజులు టైమిచ్చాడు. ఇంకోళ్లయితే మంచం ఎక్కేవాళ్లు. ఈవిడ ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కాయితం పెన్నూ పట్టుకుని జాబితా రాసింది. ఏమేం మాట్లాడాలో.

నలభై మూడు ఫైళ్లు. జోలపాటలు తొమ్మిది. ఇరవయ్యో ఎక్కం దాకా ఎక్కాలు. 'అన్నం తింటావా, కాకికి పెట్టెయ్యనా' అని బుజ్జగింపులు. కథలు. ఓ ఫైల్లో తిట్లు కూడా ఉన్నాయి తెలుసా? 'పిల్ల మరీ మొండికేస్తే ఇది వెయ్యండి' అని దాని పేరు పెట్టింది. మహతికి అప్పటికి పెళ్లే కాలా. సంబంధమే కుదరలా. ఈవిడ మనవరాలికి ఎక్కాలు చెప్తోంది.

మైకు నువ్వే బిగించావు. హాల్లో, బీరువా పక్కన. రికార్డు బటన్ నొక్కబోయే ముందు ప్రతిసారీ ఒకటే మాట. 'ఏవండీ, ఆ ఫ్యాను కట్టెయ్యండి, రొద వస్తోంది.' మే నెల, నందిగామ, ఫ్యాను కట్టేసి కూర్చోవాలి! ఆవిడ లోపల చెమటోడుస్తూ పాడేది. నేను తలుపవతల మెట్టు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఉండేవాణ్ణి. అయిపోగానే 'ఇక వేసుకోండి' అని కేక.

చివరిరోజు కేకెయ్యలా. అప్పటికే నొప్పి. గాజులు చప్పుడు చేసింది. నేనెళ్లి ఫ్యాను వేసా.

ఆవిడదో షరతుంది చూడు. పుట్టని బిడ్డకి జోల పాడకూడదంటారుగా పెద్దవాళ్లు? నేను పాడక తప్పట్లేదు, కాబట్టి బిడ్డ ఉయ్యాల్లో పడేదాకా ఎవరూ వినకూడదు అంది. మహతి కూడా. నేను కూడా. అందుకే ఎవరికీ కాపీ ఇవ్వలా. నువ్వు సీడీలు కొట్టించుకోండి సార్ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు. నేనేమన్నా? ఎందుకయ్యా, మన పెట్టెలో రెండు డిస్కులున్నాయిగా, ఒకదాన్లో రాసింది రెండోదాన్లోనూ పడుతుంది, ఒరిజినలూ డూప్లికేటూ ఇంట్లోనే ఉంటే సీడీలెందుకన్నా.

నువ్వప్పుడే అన్నావు. అద్దంలో మనిషి ఇంకో మనిషి కాదు సార్, మీరు గుండు కొట్టించుకుంటే అద్దంలోనూ గుండే కనపడుతుంది అని. నవ్వాను నేను. ఆఫీసులో నలుగురికీ చెప్పి నవ్వించా కూడా.

రికార్డు రూమ్ రామచంద్రమూర్తి అంటారు నన్ను. ఇరవై ఎనిమిదేళ్లు. ఎలకలు కొట్టినవి, చెదలు పట్టినవి, వానకి తడిసినవి... ఒక్క ఫైలు పోలా నా చేతి కింద. అందుకేగా ఇంట్లో కూడా ఆ పెట్టె పెట్టించుకున్నా నీ చేత. ఇంట్లో సర్వరేంటి సార్, ఇదేమన్నా బ్యాంకా అన్నావు నువ్వు. ఫొటోలు, పాత ఉత్తరాలు, క్యాసెట్లు, కరెంటు బిల్లులతో సహా అన్నీ అందులోకెక్కించా. అహల్య దాన్ని నా రెండో పెళ్లాం అనేది. పొద్దున లేవగానే దాని దుమ్ము తుడుస్తారు, నా వంక చూడరు అని.

రికార్డింగులు అయిపోయాక అందీ, 'ఇన్నాళ్లూ సవతి అన్నా. ఇప్పుడు నేనే అందులోకి కాపురానికెళ్లా' అని. ఆ మాట రికార్డు చెయ్యలా. ఊరికే అంది.

ఊఁ... ఎక్కడున్నాం? ఆఁ. పోయిన నెల.

ఓ డిస్కు టకటకమని కొట్టుకుని చచ్చిపోయింది. లోపలి పళ్లెం గీసుకుపోయింది, దాన్లోంచి ఇక ఏదీ రాదన్నావు. రెండోది బాగానే ఉంది. పెట్టె తెరిచి చూస్తే బోర్డు మీద కండెన్సర్లు పూరీల్లా ఉబ్బాయన్నావు. ఈ మిషను ఎన్నాళ్లో ఉండదు సార్, కొత్తది కట్టిస్తా, మంచి డిస్కు తీసి అందులో పెడదాం, పక్కన కొత్త డిస్కు పెట్టి పాతదాన్ని దాన్లోకి ఎక్కిద్దాం అన్నావు. అదే కంపెనీ, అదే సైజు. కవల పిల్లల్లాగున్నాయి రెండూ.

పోయిన శుక్రవారం కొత్త పెట్టె తెచ్చి దించావా. అహల్య వచ్చి బొట్టు పెట్టింది. స్కూటర్ కొన్నా పెడుతుంది, మిక్సీ కొన్నా పెడుతుంది, మనకలవాటేగా. వేదాద్రి నుంచి తెచ్చుకున్న కుంకుమ. నీ ఎదురుగానే పెట్టింది. పెట్టెకొకటి, కొత్త డిస్కుకొకటి. పొడి రాలితే మిషన్లోకి పోతుంది మేడం, తడిపి పెట్టండి అన్నావు. తడిపి పెట్టింది.

నువ్వు గరికపాడు వెళ్లాలి, అక్కడేదో ఆఫీసులో కంప్యూటర్లు బిగిస్తున్నా, సోమవారం వస్తా, అప్పటిదాకా ముట్టుకోకండి అన్నావు. నేను ఆగితేనా? ఇంట్లో బాలింత. రోజులు దగ్గరపడుతున్నాయి. శనివారం పొద్దున్నే పాత మిషన్లోంచి డిస్కు విప్పా. కొత్తదాన్ని దాని తగరం కవర్లోంచి తీసా. పేపరు పరిచి రెండూ పక్కపక్కన పెట్టా. ఫోను దగ్గరికెళ్లి నీకు చేసా.

నువ్వు తిట్టావు. తిట్టి, సరే రాసుకోండి అన్నావు. ఆరు లైన్లు చెప్పావు. తెల్ల కాయితం మీద నంబర్లేసి రాసుకున్నా. చివర్లో అడిగావు చూడు, 'ఏది పాతదో ఏది కొత్తదో తేడా తెలుస్తోందిగా సార్? పక్కన సన్నక్షరాల్లో తేదీ ఉంటుంది, చూసుకోండి' అని. నేనేమన్నా?

బొట్టున్నది కొత్తదయ్యా అన్నా.

నా కళ్లతో చూసా కదా ఆవిడ పెడుతుంటే! తిరిగొచ్చి చూస్తే పేపరు మీద రెండున్నాయి. ఒకదానికి బొట్టుంది. ఒకదానికి లేదు. ఇంకేం కావాలి? బిగించా. నీలం తెర మీద తెల్లక్షరాలు. సోర్సు ఏది, టార్గెట్ ఏది, అంటే దేన్లోంచి తీసి దేన్లోకి ఎక్కించాలి అనడిగింది. బొట్టులేనిది సోర్సు, బొట్టున్నది టార్గెట్. ఖాయమేనా అని ఇంకోసారి అడిగింది. ఖాయమే అని కొట్టా.

మధ్యాహ్నం దాకా పట్టింది. ఒకటి, రెండు, మూడు పర్సెంటు అంటూ... దాని ముందు కూర్చుని పప్పన్నం తిన్నా. నూటికి నూరు అయ్యాక సక్సెస్‌ఫుల్ అని పడింది. తెరిచి చూస్తే ఏమీ లేదు. రెండోదాన్లో చూసా. అందులోనూ ఏమీ లేదు. చక్కగా, జంటగా, ఏమీ లేదు.

తర్వాత చెత్తబుట్టలోంచి తీసా ఆ తగరం కవరు. దాని మీదుంది బొట్టు. ముందురోజు ఆవిడ కొత్త డిస్కుకి పెట్టింది కవరు మీదయ్యా. కవరుతో పాటు అదీ పోయింది. నువ్వూ చూసావు, నేనూ చూసా, ఇద్దరికీ తట్టలా.

మరి డిస్కు మీదున్న బొట్టు ఎక్కడిదంటావా?

సాయంత్రం ఆవిడే పలక మీద రాసి చూపించింది. పలకే కదా ఇప్పుడు ఆవిడ నోరు. నేను ఫోన్లో నీతో మాట్లాడుతుంటే వచ్చిందట. దుమ్ము కొట్టుకుపోయి ఉందట పాతది. కొంగుతో తుడిచి బొట్టు పెట్టిందట. 'పాతదానికీ పెట్టా. నేనున్నది అందులోనేగా' అని రాసింది.

రాసి, నా వంక చూసి నవ్వింది. మెడ దగ్గర ఆ గుడ్డ కదిలింది.

నేను 'మంచిపని చేసావ్' అన్నా.

ఇంకేం అనను నౌషాదూ? నువ్వైతే ఏమనేవాడివి?

మిషను నీ దగ్గరుంది, ఆదివారానికి తెస్తావని చెప్పా. ఆరు రోజులైంది. ఆవిడ ఉయ్యాల గొలుసులు చింతపండు పెట్టి తోమింది. స్పీకరు ఎక్కడ పెట్టాలో గోడకి సుద్దముక్కతో గీత గీసింది. ఇదిగో, ఈ చీటీ జేబులో పెట్టింది ఇవాళ బయల్దేరుతుంటే. చదువు. 'ముందు నాలుగోది వెయ్యమనండి. మొదటిదాన్లో దగ్గాను.'

పట్టుకో, పట్టుకో. కింద పడేస్తావ్.

అందుకే చెప్తున్నా విను. ఆదివారం నువ్వు మా ఇంటికి రావాలి. వచ్చి, కరెంటు ఎక్కువొచ్చి రెండు డిస్కులూ కాలిపోయాయి మేడం అని చెప్పాలి. వారం నుంచి కరెంటు ఆడుతూనే ఉందిగా, నమ్ముతుంది. లేదంటే మా సారే తొందరపడి పాడుచేసాడని చెప్పు. ఏదైనా చెప్పు. బొట్టు మాట మాత్రం ఎత్తకు. తన చేత్తో తనే తుడిచేసుకున్నట్టు అనుకుంటుందయ్యా. ఆ మాట పలక మీద రాయడం నేను చూడలేను.

ఏంటి, తల అడ్డంగా ఊపుతున్నావ్?

మేడం ముందు అబద్ధం రాదా? మూడో క్లాసులోనూ ఇంతేనా? పెద్ద షాపు పెట్టావు, పాతిక ఆఫీసులకి మిషన్లు బిగించావు, ఒక్క అబద్ధం...

అలా చూడకు. నీ తప్పుందని అనట్లేదు. స్టిక్కరు గురించి ఏదో అన్నా. ఎవరో ఒకర్ని అనాలిగా, అన్నా.

ఇటు చూడు. ఇదిగో ఆ తెల్లకాయితం. నువ్వు చెప్పిన ఆరు లైన్లు. నా దస్తూరీ. ఒకటి, ప్లగ్గు పీకాలి. టిక్కు. రెండు, పాత డిస్కు ఒక్కదాన్నే కొత్త మిషన్లో పెట్టాలి. టిక్కు. మూడు, ఆన్ చెయ్యాలి. టిక్కు. నాలుగు, ఫైళ్లు కనపడుతున్నాయా చూడాలి. టిక్కు. ఐదు చదువు.

నేను చదవనా? 'ఏదో ఒక ఫైలు తెరిచి వినాలి. మేడం గొంతు వచ్చిందని ఖాయం చేసుకున్నాకే కొత్త డిస్కు తగిలించాలి.'

దానికీ టిక్కుంది చూడు. ఎర్ర ఇంకుతో.

వినలేదయ్యా నేను. రెండు, మూడు, నాలుగు కూడా చెయ్యలా. ఫైళ్లు తెర మీద కనపడితే వినక తప్పదు, ఐదో లైను ఎగ్గొట్టాలంటే మిగతా మూడూ ఎగ్గొట్టాలి మరి. రెండు డిస్కులూ ఒకేసారి తగిలించేసా. నాలుగో లైను చేసున్నా చాలు, డిస్కు ఖాళీగా కనపడేది. అక్కడే ఆగిపోయేవాణ్ణి. అన్నిటికీ కూర్చుని టిక్కులు పెట్టా. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో చెయ్యని పనికి టిక్కు పెట్టడం అదే మొదలు. అరగంట తర్వాత నువ్వు గరికపాడు నుంచి ఫోన్ చేసి అడిగావు గుర్తుందా, 'విన్నారా సార్? వచ్చిందా మేడం గొంతు?' అని. నేను 'బ్రహ్మాండంగా వచ్చిందయ్యా' అన్నా. అప్పటికి పదకొండు పర్సెంటు.

ఆవిడే వినొద్దందిగా అంటావేమో. జోలలు వినొద్దంది. పదమూడో ఎక్కం వింటే ఎవరు కాదన్నారు? తిట్లు వింటే ఎవరొద్దన్నారు?

భయం నాకు. చెప్తున్నా, ఎవరికీ చెప్పలా. ఆవిడ మాట పోయి రెండేళ్లు. ఇల్లు అలా నిశ్శబ్దంగా ఉంటే అలవాటు పడిపోయా. పలక గీసుకునే చప్పుడు, గాజుల చప్పుడు. అదే ఆవిడ అనుకుంటున్నా. ఆ గొంతు ఒక్కసారి చెవిన పడితే, ఆ తర్వాత వంటింట్లోకెళ్లి ఆవిడ మొహం చూడగలనా? పోయింది ఎంతో తెలిసిపోతుంది కదా. తెలియకుండా నెట్టుకొస్తున్నా. ఆరు లైన్ల కాయితంలో ఆ ఒక్క లైను దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అదీ సంగతి. బొట్టుదేం తప్పులేదు.

ఇప్పుడు ఏడవాలి నిజానికి. అబ్బే.

నేను బయల్దేరతా. ఆదివారం నువ్వు రాకపోయినా పర్లేదు. నేనే చెప్తా. బొట్టుతో సహా కాదు, టిక్కుతో సహా చెప్తా. పాటకేముంది, వీధిలో పాడేవాళ్లు ఉన్నారు, ఎవరో ఒకరు పాడతారు. పిల్ల నిద్రపోక మానుతుందా?

ఏంటి, తెర ఇటు తిప్పుతున్నావ్?

ఏంటది? కళ్లజోడు ఉండనీ... 'మేడం టెస్ట్.' రెండువేల ఆరు, మే. ఇదెక్కడిది?

మైకు బిగించిన రోజా? నీ లాప్‌టాప్‌లోనా? పని చేస్తోందో లేదో చూడ్డానికి... ఇన్నాళ్లూ నీ దగ్గరుందా? నువ్వూ మర్చిపోయావా. ఆఁ. మొన్నట్నించీ వెతికి వెతికి రాత్రే పట్టుకున్నావా.

ఎంతసేపుంది? పద్నాలుగు సెకన్లా.

జోల కాదుగా. కాదు. మైకు టెస్టుకి ఎవరు పాడతారు. పద్నాలుగు సెకన్లలో ఏముంటుంది... వద్దు, చెప్పకు. చెప్పకు నౌషాదూ. నాకు తెలుసు. అప్పుడు మొట్టమొదట ఏమందో నాకు తెలుసు.

పెన్‌డ్రైవ్‌లో వేసివ్వు. తీసుకెళ్తా. ఆవిడకిస్తా. ఉయ్యాల దగ్గర అదే వేసుకుంటుందో, మానుకుంటుందో, ఆవిడిష్టం.

ఏంటీ? వినకుండా ఇవ్వవా?

ఐదో లైను అంటావు.

నువ్వు విను. నేను బయట నిలబడతా, నువ్వు విని వచ్చిందని చెప్పు, నమ్ముతా. నీ మాట నమ్మకపోవడమేంటయ్యా... కాదా? నేనే వినాలా?

మూడో క్లాసులో ఎంత మొండివాడివో ఇప్పుడూ అంతే. ఆవిడ చెప్తూనే ఉండేది.

ఉండు. ఒక్క నిమిషం ఉండు. చెయ్యి తియ్యి దాని మీంచి, అప్పుడే నొక్కకు. రోడ్డు మీద లారీ వెళ్లనీ. ఆ తలుపు దగ్గరికెయ్యి.

నౌషాదూ.

ఆ ఫ్యాను కట్టెయ్యి. రొద వస్తోంది.